బావ చెల్లెలి కాలు

మా ఇంట్లో 'బావ' అనే మాట మీద నిషేధం ఉండేది. పెట్టింది మా అమ్మ. కోనసీమ నుంచి గాజువాక వచ్చిన కొత్తలో మా అన్నయ్య ఒకరోజు పొద్దున్నే పాలు పోసే మనిషితో "బావా, రేపో అరలీటరు ఎక్కువెయ్" అన్నాడు. అమ్మ పాలగిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. "ఆయన నీకు బావెలా అయ్యాడ్రా? నీ చెల్లెల్నిచ్చావా?" అని గట్టిగా అడిగింది. ఆ చెల్లెల్ని నేనే. జడకుచ్చులు కట్టుకుంటూ అక్కడే ఉన్నాను.

మా వైపు బావ అంటే ఒక లెక్క ఉంది. మేనత్త కొడుకు బావ, మేనమామ కొడుకు బావ, అక్క మొగుడు బావ. ఆ పిలుపు వెనకాల ఎక్కడో ఒక పెళ్ళి ఉంటుంది, లేదా పెళ్ళి మాట ఉంటుంది. విశాఖపట్నంలో ఆ లెక్క ఎవరికీ పట్టదు. ఆటో తోలేవాడు బావ, కిళ్ళీ కొట్టువాడు బావ, సిటీ బస్సులో కాలు తొక్కినవాడు కూడా "సారీ బావా" అనేసి ముందుకెళ్ళిపోతాడు. అన్నయ్య గడప బయట విశాఖ భాష, గడప లోపల గోదావరి భాష మాట్లాడుతూ పెరిగాడు. నాకు నవ్వొచ్చేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ ఒక్క మాట వల్ల నా ఎడమ కాలు పోయేంత పనయింది. తొంభైల చివర్లో సంగతి.

నాన్న పోర్టులో ఓడలకు సరుకు ఎక్కించి దించే కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. అన్నయ్య స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని చేసుకుంటూ సాయంత్రాలు కబడ్డీ ఆడేవాడు. కూతకొచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకుని నేలకు వేయడం వాడి పని. నేను దువ్వాడ దగ్గర కాలేజీలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ముగ్గురం కాలు ఒకచోట నిలవని మనుషులం, మా ముగ్గురి వెనక అమ్మ.

ఒకసారి బస్సు దిగుతూ పడ్డాను. మోకాలికి కొంచెం పైన నొప్పి మొదలైంది, తగ్గలేదు. బెణికిందన్నారు. అన్నయ్య జట్టుకి మర్దనా చేసే ముసలాయన వచ్చి, నరం పట్టిందని నువ్వుల నూనె వేసి తోమి వెళ్ళేవాడు. నేను పళ్ళు కొరుక్కుంటూ ఆయన వంశాన్నంతా లోపల్లోపల తిట్టుకునేదాన్ని. వాపు తగ్గకపోగా గట్టిపడింది. రాత్రిళ్ళు నిద్ర లేదు. చివరికి ఎక్స్‌రే తీయించారు, సూది పెట్టి ముక్క తీసి పరీక్షకి పంపారు.

పెద్ద డాక్టరు నాన్నని ఒక్కడినే లోపలికి పిలిచారు. నా కాలు గురించి మాట్లాడుతూ నన్ను బయట కూర్చోబెట్టడమేమిటని నాకు ఒళ్ళు మండింది. కుంటుకుంటూ వెళ్ళి తలుపు తోశాను. డాక్టరు మాట సగంలో ఆపి నాన్న వైపు చూశారు. నాన్న తల దించుకున్నాడు. "చెప్పండి సార్, కాలు నాదే" అన్నాను. ఎముకలో కేన్సరని, తొడ దగ్గరికి కాలు తీసేస్తే ప్రాణానికి ప్రమాదం తగ్గుతుందని, ఆలస్యం చేయకూడదని చెప్పారు. ఆయన మంచిగానే చెప్పారు. నాకే ఆయన్ని కొట్టాలనిపించింది.

బయటికొచ్చాక ఆ వార్డులో పనిచేసే ఒక కుర్ర లేడీ డాక్టరు మా వెనకే వచ్చింది. మద్రాసులో ఇంకో దారి ఉందని చెప్పింది. ముందు మందులెక్కించి గడ్డని తగ్గిస్తారు. తరవాత పుచ్చిన ఎముక మేరకు కోసి తీసేసి, ఆ మనిషి కొలతకి లోహంతో ఎముక చేయించి, మోకాలు కీలుతో సహా దాని చోట అమరుస్తారు. అందరికీ కుదరదు. గడ్డ రక్తనాళాలకి అంటుకుపోతే కాలు తీయక తప్పదు. కుదిరితే మాత్రం కాలు మిగులుతుంది.

"ఎముక తీసి ఇనుము పెడతారా? మనిషా, క్రేనా?" అన్నాడు నాన్న ఇంటికొచ్చాక. ఆయన నమ్మకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. మాకు తెలిసినవాళ్ళలో ఆ వైద్యం పేరు విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఊళ్ళో చుట్టాలకి కబురు చేస్తే, కాలు తీయించే ఆపరేషనుకైతే సాయం చేస్తామన్నారు. కాలు ఉంచే ఆపరేషనంటే అదేదో మోసమన్నారు. కాలు పోగొట్టుకోవడానికి డబ్బిస్తారట, నిలబెట్టుకోవడానికివ్వరట! ఆ మాట విన్న రోజు నేను అన్నం పళ్ళెం గోడకేసి కొట్టాను.

చివరికి నాన్నని ఒప్పించింది అమ్మే. "ముందు మందులెక్కిద్దాం, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత" అంది. మందులు మొదలయ్యాయి. జుట్టంతా దిండుకి అంటుకుని వచ్చేసింది. నోరంతా పూసింది. రెండు విడతలయ్యాక మద్రాసు తీసుకెళ్తే, అక్కడి సర్జను కొత్త ఫిల్ములు చూసి గడ్డ తగ్గిందన్నారు. కొలతలు తీసుకున్నారు. లోహపు ఎముక తయారవడానికి కొన్ని వారాలు పడుతుందట, ముందుగా డబ్బు కడితేగాని పని మొదలుపెట్టరట. మూడో విడత మందు అయిన నెలా నెలన్నరలో, ఒంట్లో శక్తి తిరిగి రాగానే, గడ్డ మళ్ళీ పెరగకముందే ఆపరేషను జరిగిపోవాలి. అప్పటికి ఎముక తయారుగా లేకపోతే ఎదురుచూడటం కుదరదు, కాలు తీసేయడమే. ఆయన ఇంగ్లీషులో చెప్పారు, నేనే నాన్నకి తెలుగులో చెప్పాను. నా కాలు తీసేస్తారన్న మాట నా నోటితోనే నాన్నకి చెప్పాల్సి వచ్చింది.

మా దగ్గర అంత డబ్బు లేదు. అమ్మ గాజులతో మందులే అయ్యాయి.

అప్పుడు అన్నయ్య ఒకాయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన జాలరిపేట మనిషి. తండ్రీ అన్నలూ వేటకెళ్తారు, తల్లి చేపలమ్ముతుంది. కబడ్డీ ఆయనకి పోర్టులో ఉద్యోగం తెచ్చిపెట్టింది. దేశం జట్టులో ఆడి వచ్చారు. గాజువాక నుంచి భీమిలి దాకా కబడ్డీ ఆడే కుర్రాళ్ళందరూ ఆయన కూతకెళ్ళే తీరునే అనుకరించేవాళ్ళు. అన్నయ్య ఒకటి రెండు టోర్నమెంట్లలో ఆయనకి ఎదురు ఆడాడు, అంతే పరిచయం. ఆ పరిచయం చాలు, విశాఖపట్నంలో ఇద్దరూ బావలైపోవడానికి.

ఒక ఆదివారం ఆయన అన్నయ్య స్కూటరు వెనక కూర్చుని మా ఇంటికొచ్చారు. చేతిలో వంజరం చేప. "అమ్మా, పొద్దున్న మా యమ్మ అమ్మకుండా పక్కనెట్టింది. పులుసెట్టీండి" అని అమ్మకిచ్చారు. అమ్మ మొహం విచ్చుకుంది. అంతలోనే ఆయన అన్నయ్య వైపు తిరిగి, "నువ్వూ కూకో బావా, నిలబడ్డావేటి?" అన్నారు. అమ్మ మొహం మళ్ళీ ముడుచుకుంది. అన్నయ్య ఇంటి కప్పు వైపు చూశాడు.

నాకు అప్పట్లో ఎవరొచ్చినా చిరాకే. "నన్ను చూడ్డానికొచ్చారా, నా కాలు చూడ్డానికా?" అన్నాను.

"రెండూను సెల్లీ. సూపిత్తావా?"

అలా ఎవరూ అడగలేదు అప్పటిదాకా. వచ్చినవాళ్ళందరూ దుప్పటి వైపు ఓరకంట చూసి, కళ్ళు తుడుచుకుని, కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు. దుప్పటి తీశాను. ఆయన వంగి తిన్నగా చూశారు. "నొప్పేనా?" అన్నారు.

"లేదు, పెళ్ళివారొచ్చారు" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు. ఆ ఇంట్లో ఎవరైనా నవ్వి ఎన్నాళ్ళయిందో. తరవాత మంచం పక్కన నేలమీదే కూర్చుని, "ఏటి సేత్తారంట మద్రాసులో? సెప్పు" అన్నారు. చెప్పాను. మధ్యమధ్య ఆపి అడిగారు. కీలు వంగుతుందా, బరువు మోస్తుందా, ఎంతకాలం వస్తుంది. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవన్నాను. ఆయన కాసేపాలోచించి నాన్నతో అన్నారు: "మా పడవలో ఒక పలక పుచ్చిందనుకోండి బాబూ. పడవ తగలెట్టేత్తామేటి? పుచ్చిందాన్నూడదీసి కొత్త పలకేత్తాం. ఇదీ అలగే కదా?" ఆ రోజు తరవాత నాన్న మళ్ళీ క్రేను మాట ఎత్తలేదు.

ఆయన ఆలోచన ఏమిటంటే, తన పోర్టు జట్టుకీ అన్నయ్య వాళ్ళ జట్టుకీ మధ్య ఒక ఆట పెట్టడం. టిక్కెట్ల మీద వచ్చింది నా ఆపరేషనుకి. నాకు వెంటనే అనుమానం వచ్చింది. "నా బోడిగుండుని స్టేజీ ఎక్కించి జాలి అడుక్కుంటారా? అలాగైతే నాకొద్దు" అన్నాను. అమ్మ నా నోరు నొక్కబోయింది.

"నిన్నెవలికీ సూపించను సెల్లీ. నీ పేరు కూడా సెప్పను" అన్నారు ఆయన. "కాలు తియ్యకుండా బాగుసేసే దారొకటుందని సెప్తాను. తెలీకే కదా, ఎంతమంది తీయించేసుకుంటన్నారో."

మాట నిలబెట్టుకున్నారు. ప్లాంటు గేటు దగ్గర షిఫ్టు మారే వేళ, పోర్టు క్యాంటీనులో, సబ్బవరంలో ఏదో టోర్నమెంటుకి ముఖ్య అతిథిగా పిలిస్తే అక్కడా, జాలరిపేట ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళ మధ్యా, ఎక్కడ పదిమంది పోగైతే అక్కడ ఆ పడవ పలక సంగతి చెప్పేవారు. కుదిరినప్పుడు ఆ లేడీ డాక్టరుని కూడా వెంటబెట్టుకెళ్ళి మిగతాది ఆవిడతో చెప్పించేవారు. జనం వినేవాళ్ళు. దేశం తరఫున ఆడిన మనిషి చెబితే మోసమని ఎవరంటారు? "ఆ ఇనుము మన ప్లాంటుదేనా?" అని మాత్రం ప్రతిచోటా ఒకడు అడిగేవాడట. ఎవరి కోసమని అడిగితే, నా పేరు చెప్పనన్నారు కనక, "మా బావ సెల్లికి" అనేవారు.

అదే కొంప ముంచింది.

ఆటకి ముందురోజు మధ్యాహ్నం మూడో విడత మందెక్కించుకుని వచ్చి పడుకున్నాను. లోపలేమీ నిలవడం లేదు. దూరంగా మైకు కట్టిన ఆటో వస్తున్న చప్పుడు. ఏ సినిమావాళ్ళో అనుకున్నాను. దగ్గరికొచ్చేకొద్దీ మాటలు తెలిశాయి. "రండి, తరలి రండి! తన మరదలి కాలు కాపాడుకోవడానికి బరిలోకి దిగుతున్న మన విశాఖ ముద్దుబిడ్డ..."

మైకు పట్టుకున్నవాడు కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి గాజువాకలో టెంటు సామాను అద్దెకిచ్చుకునే మనిషి. బావ చెల్లెలని రాసిస్తే వాడు లెక్క కట్టాడు. బావకి చెల్లెలంటే మరదలే కదా! వాడి తప్పేమీ లేదు, మా వైపు ఎవరినడిగినా అదే చెబుతారు. ఆటో మా వీధిలోకి తిరిగి, మా గుమ్మం ముందు గతుకుల్లో నెమ్మదించి, మరదలు మరదలు అంటూ వెళ్ళింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది.

సాయంత్రం నాన్నతో పాటు పెదనాన్న వచ్చాడు. ఊరి నుంచి నన్ను చూడ్డానికని బయల్దేరి, బస్టాండులోనే ఆ ఆటోని విన్నాడు. ఆయన కూర్చోలేదు కూడా. "ఆ డబ్బు ముట్టుకున్నావంటే పిల్లనిచ్చేసినట్టే లెక్క. రేపు దీన్నెవరు చేసుకుంటారు? వాళ్ళెవరు, మనమెవరు?" అన్నాడు నాన్నతో.

నాన్న అన్నయ్యని పిలిచాడు. "నువ్వతన్ని బావ అన్నావా, లేదా?"

"ఇక్కడందరూ అందర్నీ అంటారు నాన్నా."

"అన్నావా, లేదా?"

"అన్నాను."

"ఆట ఆపించెయ్యి."

"టిక్కెట్లన్నీ అమ్మేశారు నాన్నా! మద్రాసులో కొలతలిచ్చి వచ్చాం. వచ్చే వారం డబ్బు కట్టకపోతే..."

"కాలు తీయిస్తాను" అన్నాడు నాన్న. "చాలామంది బతుకుతున్నారు కాలు లేకుండా. పరువు లేకుండా ఎవరూ బతకరు."

ఆ మాట అనేశాక ఆయనే భయపడ్డట్టు గోడ పట్టుకున్నాడు. నాకు మంచం మీంచి అంతా కనబడుతూనే ఉంది. మా నాన్న చెడ్డవాడు కాదు. జ్వరమొస్తే నన్ను భుజాన వేసుకుని ఊరంతా తిరిగినవాడు. ఆయన్ని నేను ఆ క్షణంలో ద్వేషించినంతగా ఇంకెవర్నీ ద్వేషించలేదు. "ఎవరి కాలు తీయిస్తావు నాన్నా? నీదా?" అని అరిచాను. అరిచేసరికి కడుపులో మిగిలిందంతా బయటికొచ్చింది. అమ్మ గిన్నె పట్టింది. పెదనాన్న చెప్పులు వేసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

పొద్దున్న లేచేసరికి నాన్న ఇంట్లో లేడు. తనే వెళ్ళి ఆయనకి వద్దని చెబుతానన్నాడట. సాయంత్రందాకా తిరిగి రాలేదు. అమ్మ నా తలకి తన పాత చీరచెంగు గుడ్డ చుట్టి కట్టింది. "వెళ్ళు" అంది. అన్నయ్య నన్ను ఆటోలో మైదానానికి తీసుకెళ్ళాడు.

మైదానం చుట్టూ తాడు కట్టారు. ప్లాంటు నుంచి షిఫ్టు దిగి తిన్నగా వచ్చినవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, జాలరిపేట నుంచి లారీలో దిగిన ఆడవాళ్ళు. అంతమందిలోనూ నాన్న కనిపించాడు. స్కోరు రాసే బల్ల వెనక, జెర్సీ వేసుకుని ఉన్న ఆయన ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాడు. పోర్టులో ఆయన దొరక్క, పొద్దుటి నుంచీ ఊరంతా వెతికి చివరికి అక్కడే పట్టుకున్నాడని తరవాత తెలిసింది. అన్నయ్య నన్ను వాళ్ళకి దగ్గర్లోనే ఒక కుర్చీలో కూర్చోబెట్టాడు.

"మరదలా?" అంటున్నారు ఆయన. ఆయన మొహంలో రంగు మారింది. "ఓలమ్మో! నానెక్కడన్నాను బాబూ ఆ మాట? మా పేటలో సముద్రాన్ని తప్ప మగోళ్ళందర్నీ బావంటాం."

"మీకు ఉత్తి మాటేనండి. మా వాళ్ళకి కాదు. మా అమ్మాయికి రేపు పెళ్ళి కావాలండి."

"కావాలి బాబూ. నడిసెల్లి పీటల మీద కూకోవాలి."

నాన్న తల అడ్డంగా ఊపి, "ఆ డబ్బు నాకొద్దండి. ఆట ఆడుకోండి. మేం తీసుకోం" అన్నాడు.

"మీకివ్వను కదా" అన్నారు ఆయన నెమ్మదిగానే. "ఆ పిల్లకిత్తాను. ఆ పిల్లొద్దంటే అప్పుడు సూద్దాం."

సరిగ్గా అప్పుడే బల్ల దగ్గరున్న టెంటు మనిషి మైకు అందుకున్నాడు. "మరికొద్ది నిమిషాల్లో! మరదలి కోసం..." అన్నాడో లేదో కుర్రాళ్ళు ఈలలేశారు. నాన్న మొహం మాడిపోయింది. గిర్రున తిరిగి మైకు వైపు వెళ్తున్నాడు. వెళ్ళి మైకు లాక్కుంటే ఆట ఆగిపోతుంది, ఆట ఆగితే నా కాలు అక్కడితో సరి. నాకది నా కళ్ళముందు కనబడింది.

ఎలా లేచానో తెలియదు. చంకకర్రలు వేసుకుని నాన్న కంటే ముందే బల్ల చేరాను. నాన్న నన్ను చూసి ఆగిపోయాడు. టెంటు మనిషి చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"నేను ఎవరి మరదలినీ కాను" అన్నాను. నా గొంతు మైదానమంతా తిరిగి నా చెవికే వచ్చి కొట్టింది. "ఈయన మా అన్నయ్యని బావ అంటారు. నన్ను చెల్లి అంటారు. మా గోదావరి లెక్కలో ఈ రెండూ కలవవు. మీ విశాఖపట్నంలో కలుస్తాయట. నేనూ మొదట నమ్మలేదు."

ఎవరో నవ్వారు. ఈలలు ఆగిపోయాయి. తలగుడ్డ జారుతోంది, జారితే జారనీ అనుకున్నాను. ఎవరికీ చూపించనని ఆయన మాటిచ్చిన బోడిగుండుని నేనే అందరికీ చూపించాను. ఎడమ కాలిలో ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఎముక పుచ్చిందనీ, దాన్ని తీసి లోహంది పెట్టే వైద్యం ఉందనీ, సరైన సమయానికి చేయించుకుంటే కాలు ఉండొచ్చనీ చెప్పాను. "ఉంటుందని ఎవరూ మాటివ్వలేదు. కత్తి పెట్టి చూశాకగానీ తెలియదట. అయినా చూడకుండా తీయించుకోను. నాకు భయంగా ఉంది. ఈ సాయం నాకు కావాలి. అడుగుతున్నది మా నాన్న కాదు, నేను." ఆ తరవాత ఏమనాలో తెలియక మైకు టెంటు మనిషికిచ్చేశాను. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

జాలరిపేట ఆడవాళ్ళలోంచి ఒకావిడ లేచింది. నల్లగా, పొడుగ్గా, గోచీ పోసి కట్టిన చీర. ఆయన తల్లి. తన చేపల తట్ట ఖాళీగా ఉన్నది తీసుకుని, రొంటిన ఉన్నది తీసి అందులో వేసి, తిన్నగా నాన్న దగ్గరికొచ్చింది.

"అన్నియ్యా, ఆ పక్కట్టుకో. నానొక్కదాన్నే తిప్పలేను" అంది.

నాన్న ఆవిడ వైపు చూశాడు. ఆయన లోపల ఏం జరుగుతోందో నాకు తెలిసిపోయింది. లెక్క కడుతున్నాడు. ఈవిడ నన్ను అన్నయ్య అంటోంది. అంటే ఈవిడ నాకు చెల్లెలు. చెల్లెలి కొడుకు నాకు మేనల్లుడు. మేనల్లుడంటే మా వాడికి నిజంగానే బావ. మా అమ్మాయి నిజంగానే... అక్కడిదాకా వచ్చి ఆయన లెక్క ఆగిపోయింది. మూతి వంకర తిరిగింది. ఏడుస్తాడనుకున్నాను. నవ్వాడు. భుజాలు కదిలేలా నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "మీ ఊరికో దండం తల్లీ" అని తట్ట రెండో పక్క పట్టుకున్నాడు.

పోర్టు గుమాస్తా, ఇస్త్రీ చొక్కా, ఒక చేపల తట్ట పట్టుకుని మైదానం చుట్టూ తిరిగాడు. పెదనాన్న ఆ రాత్రికే ఊరెళ్ళిపోయాడు.

ఆట కూడా జరిగింది. ఆయన కూతకొచ్చినప్పుడు అన్నయ్య ఒక్కసారి చీలమండ దొరకబుచ్చుకున్నాడు. నాకు గుర్తున్నది అంతే, కుర్చీలో సగం నిద్రపోయాను.

టిక్కెట్లదీ తట్టదీ కలిపి మద్రాసులో కట్టాం, ఎముక వేళకి తయారైంది. ఆపరేషను ముందు కాగితం మీద రెండిటికీ సంతకం పెట్టించుకున్నారు, ఎముక మార్చడానికీ, అవసరమైతే కాలు తీయడానికీ. తెరిచాక రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూసి నిర్ణయిస్తారు. అంటే మత్తులోకి వెళ్ళేటప్పుడు నాకు ఏ కాలితో లేస్తానో తెలియదు.

లేచేసరికి సాయంత్రపు వెలుతురు. ఎడమ కాలు మండిపోతోంది, వేళ్ళ దాకా నొప్పి. సంతోషించబోయి ఆగిపోయాను. కాలు తీసేసినవాళ్ళకి కూడా లేని కాలు నొప్పెడుతుందని వార్డులో విన్నాను. లేని వేళ్ళు దురద పెడతాయట. దుప్పటి మీద ఏదో తొట్టిలాంటిది బోర్లించి ఉంది, కింద ఏముందో కనబడటం లేదు. తల ఎత్తే శక్తి లేదు. అమ్మ మంచం పక్కన కూర్చుని ఏడుస్తోంది. ఎందుకేడుస్తోందో ఎలా తెలుస్తుంది? మా అమ్మ శుభలేఖ వచ్చినా ఏడుస్తుంది. నాన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అడుగుదామంటే నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అడగకుండా ఉంటే ఇంకాసేపు కాలుంటుంది అనిపించింది.

అన్నయ్య మంచం చివర ఉన్నాడు. నా కళ్ళు చూసి వాడికి అర్థమైంది. దుప్పటి కింద చెయ్యి పెట్టి నా ఎడమ చీలమండ గట్టిగా పట్టుకున్నాడు. చల్లటి చెయ్యి. నేను ఏడవడం మొదలుపెట్టాను.

"దొరికింది" అన్నాడు.

ఆ తరవాత ఇంకా మందులెక్కించారు, ఇంకా తిట్టాను, కీలు వంచడం నేర్పిన మనిషినైతే నోటికొచ్చినట్టు తిట్టాను. చంకకర్రలు పోయి చేతికర్ర వచ్చింది. ఇంటికి వెళ్ళొచ్చన్నారు.

రైలు పొద్దున్నే దువ్వాడలో ఆగింది. ముందే ఇంటికి తిరిగొచ్చేసిన అన్నయ్య ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. పక్కన ఆయన, డ్యూటీ బట్టల్లో. నేను తలుపు దగ్గరికొచ్చాను. పెట్టె మెట్లు ఎత్తుగా ఉన్నాయి, ప్లాట్‌ఫారం కింద ఎక్కడో ఉన్నట్టనిపించింది. రైలు అక్కడ ఎక్కువసేపు ఆగదు. కిందనుంచి ఆయన చెయ్యి చాచారు.

నా వెనక నాన్న గొంతు వినబడింది.

"చెయ్యివ్వకు బావా. అదే దిగుతుంది."

అమ్మ చటుక్కున నాన్న వైపు తిరిగింది. ఏమీ అనలేదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని ఒక అడుగు పక్కకి జరిగారు. నేను కర్ర కింద మోపి, ఎడమ కాలు మెట్టు మీద పెట్టి, ఒక్కత్తినే దిగాను.